పెట్రి పళ్లెంలో నశించిన ఈస్ట్ దేహంలోనూ నశిస్తుందా?
కాండిడా వ్యాధి - మూలికా చికిత్సల శాస్త్రీయ పరిశీలన

ఔషధ, సుగంధ పంటలను ప్రోత్సహించే విస్తరణ శాస్త్రవేత్త సాగు పద్ధతులతో పాటు ఆ పంటల ఔషధ గుణాల గురించి కూడా సమాధానం చెప్పవలసి వస్తుంది. శరీరంలో మళ్లీ మళ్లీ పెరిగే ఈస్ట్‌ను వెల్లుల్లి, వాము, తులసి, పసుపు, నిమ్మగడ్డి నూనె తొలగిస్తాయన్న ప్రచారం బాగా వ్యాప్తిలో ఉంది. ఇందులో నిరూపితమైనది ఎంతో తెలియకపోతే, బిడియం వల్ల వైద్యుని వద్దకు వెళ్లని మహిళలు చిట్కాలతోనే కాలం గడిపే ప్రమాదం ఉంది.

కాండిడా స్వభావం

కాండిడా అల్బికాన్స్ ఆరోగ్యవంతుల నోటిలో, పేగుల్లో, జననాంగాల్లో సహజంగానే ఉండే ఈస్ట్. మేలు చేసే బాక్టీరియా, రోగనిరోధక శక్తి దానిని అదుపులో ఉంచుతాయి. యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్‌లు, గర్భధారణ, అదుపు తప్పిన మధుమేహం వల్ల ఈ సమతౌల్యం చెడినప్పుడు అది గుండ్రని కణరూపం నుంచి తంతురూపానికి మారి కణజాలంలోకి చొచ్చుకొనిపోతుంది. బయోఫిల్మ్ అనే పొరగా ఏర్పడితే మందులకు సులభంగా లొంగదు. మహిళల్లో దాదాపు 75 శాతం మందికి జీవితకాలంలో ఒక్కసారైనా యోని కాండిడా వ్యాధి వస్తుందని అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన వ్యాధికారక శిలీంధ్రాల జాబితాలో కాండిడా అల్బికాన్స్, కాండిడా ఆరిస్‌లను అత్యధిక ప్రాధాన్య శ్రేణిలో చేర్చింది.

ప్రయోగశాలలో మూలికల ప్రభావం

మల్కాజ్‌గిరికి చేరువలోని తార్నాకలో ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ మూలాలు 1944 నాటివి. మొక్కల నుంచి వేరుచేసిన పదార్థాలను, వాటి ఆధారంగా రూపొందించిన అణువులను కాండిడా వంటి సూక్ష్మజీవులపై పరీక్షించడం అక్కడి పరిశోధనల్లో ఒక భాగం. బోడుప్పల్‌లోని సీమాప్ పరిశోధన కేంద్రం సుగంధ పంటలపై కృషి చేస్తున్నది. నిమ్మగడ్డి నూనెలోని సిట్రాల్, పామరోజా నూనెలోని జెరానియాల్, వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్ ఈస్ట్ కణపొరను దెబ్బతీస్తాయి. వెల్లుల్లిని నలిపినప్పుడు ఏర్పడే అల్లిసిన్ గంధక సమూహాలు గల ఎంజైమ్‌లను నిరోధిస్తుంది. పెట్రి పళ్లెంలో వీటి ప్రభావాన్ని అనేక పరిశోధనలు ధ్రువీకరించాయి.

పళ్లెం వేరు, దేహం వేరు

ద్వంద్వ వర్ధన పరీక్షలో వ్యాధికారక శిలీంధ్రాన్ని పూర్తిగా అణచివేసిన ట్రైకోడెర్మా పొలంలో అదే ఫలితం ఇవ్వకపోవడం సస్యరక్షణ విద్యార్థులకు తెలిసిన విషయమే. నేల తేమ, సేంద్రియ పదార్థం, స్థానిక సూక్ష్మజీవులు ఫలితాన్ని మార్చివేస్తాయి. మూలికల విషయంలోనూ ఇదే జరుగుతుంది. పళ్లెంలో ఈస్ట్‌ను నిరోధించిన సాంద్రత, తిన్న తరువాత వ్యాధి సోకిన చోటికి చేరకపోవచ్చు. పసుపులోని కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. అల్లిసిన్ అస్థిర పదార్థం. వేడికి త్వరగా విచ్ఛిన్నమవుతుంది. పైగా ఈస్ట్ కణమూ మానవ కణమూ నిజకేంద్రక కణాలే. కనుక ఈస్ట్ పొరను చీల్చే గాఢమైన నూనె మన శ్లేష్మపొరనూ గాయపరుస్తుంది.

ఈ అంతరాన్ని ఆస్ట్రేలియాలో నిర్వహించి, 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం స్పష్టం చేసింది. వ్యాధి లక్షణాలు లేకపోయినా యోనిలో కాండిడా ఉన్న 63 మంది మహిళలను రెండు వర్గాలుగా విభజించి రెండు వారాల పాటు ఒక వర్గానికి వెల్లుల్లి మాత్రలు, మరొక వర్గానికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఈస్ట్ సంఖ్యలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

రోగ త్రికోణం దృష్టితో

పంట తెగులుకు వ్యాధికారకం, అతిథేయి, పరిసరాలు మూడూ కారణమని రోగ త్రికోణం బోధిస్తుంది. తెగులు ఏటా తిరిగి వస్తుంటే మందు మార్చడంతో సరిపెట్టక మురుగునీటి పారుదలను, నత్రజని మోతాదును కూడా పరిశీలిస్తాము. పదేపదే వచ్చే కాండిడా వ్యాధిలోనూ ముందుగా చూడవలసింది దేహ పరిస్థితినే. రక్తంలో చక్కెర పెరిగి ఉండవచ్చు. మూత్రం ద్వారా చక్కెరను బయటకు పంపే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహ మందులు కూడా జననాంగ ఈస్ట్ వ్యాధిని పెంచుతాయి. కారణం అలాగే ఉండగా ఏ మూలికను వాడినా వ్యాధి తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది.

విస్తరణ సిబ్బంది సూచించదగినవి

• ఏడాదిలో మూడు సార్లకు మించి లక్షణాలు కనిపిస్తే రక్తంలో చక్కెర పరీక్ష, స్రావాల సూక్ష్మజీవ పరీక్ష చేయించుకోవాలి. బాక్టీరియా, ట్రైకోమోనాస్ వల్ల వచ్చే వ్యాధుల లక్షణాలు కూడా ఇలాగే ఉంటాయి.
• కాండిడా గ్లాబ్రాటా వంటి జాతులు ఫ్లూకోనజోల్‌కు సరిగా లొంగవు. కాబట్టి జాతి నిర్ధారణ అవసరం. పునరావృత వ్యాధిలో వైద్యులు కొన్నిసార్లు ఆరు నెలల చికిత్స సూచిస్తారు. దానిని మధ్యలో ఆపరాదు.
• నలిపిన వెల్లుల్లిని, పలుచన చేయని సుగంధ నూనెలను శ్లేష్మపొరలకు తాకించరాదు.
• రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా వెల్లుల్లి మాత్రలు తీసుకోరాదు.
• వంటలో వీటి వాడకాన్ని యథాతథంగా కొనసాగించవచ్చు.

నిమ్మగడ్డి, పామరోజా నూనెలకు సబ్బుల, సుగంధ ద్రవ్యాల పరిశ్రమల్లో గిరాకీ ఉంది. సిట్రాల్, జెరానియాల్ శాతం, నూనె స్వచ్ఛతలే రైతుకు ధరను నిర్ణయిస్తాయి. నిరూపణ కాని చికిత్సా గుణాన్ని జోడించకుండానే ఈ పంటలను సిఫారసు చేయడానికి ఆధారాలు ఉన్నాయి. శిక్షణ కార్యక్రమాల్లో పంట గురించి చెప్పేటప్పుడు ఈ హద్దును పాటిస్తే రైతు ఆదాయానికి నష్టం ఉండదు; వ్యాధిగ్రస్తులకు సకాలంలో చికిత్స అందుతుంది.