ఇంటిపేరు, పొడి అక్షరం: పొరుగు రాష్ట్రాల్లో తెలుగు పేర్ల తీరు

తెలుగువారి పేరులో సాధారణంగా రెండు భాగాలుంటాయి. ముందు వచ్చేది ఇంటిపేరు, తరువాత వచ్చేది పెట్టిన పేరు. ఇంటిపేరు తండ్రి పేరు కాదు, గోత్రమూ కాదు. ఒక వంశంవారు తరతరాలుగా తమ గుర్తుగా నిలుపుకొన్న పేరది. హోసూరు, కోలారు, బరంపురం, సోలాపురం వంటి చోట్ల చదువుకునే తెలుగు విద్యార్థి పేరు మాత్రం ఆయా ప్రాంతాల పద్ధతిలో నమోదవుతుంది. అక్కడ ఇంటిపేరు ఒక్కొక్కప్పుడు చివరికి జరుగుతుంది, ఒక్కొక్కప్పుడు ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది, కొన్నిచోట్ల పూర్తిగా తప్పిపోతుంది. ఈ మార్పులను గుర్తించగలిగితే తన వంశం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి విద్యార్థికి ఒక దారి దొరుకుతుంది.

ఇంటిపేర్ల పుట్టుక

ఇంటిపేర్లలో ఊరిపేర్లనుంచి వచ్చినవి చాలా ఎక్కువ. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు; ఆయన ఇంటిపేరు నెల్లూరు ప్రాంతపు సర్వేపల్లి గ్రామానిది. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో జన్మించారు. ఆయన ఇంటిపేరు కాకర్ల కంభం ప్రాంతపు ఊరిది. పూర్వులు ఊరు విడిచి ఎన్ని తరాలైనా ఊరిపేరు ఇంటిపేరుగా వెంట వచ్చింది.

ఇక్కడ ఒక వ్యాకరణ విశేషం గమనించదగినది. ఊరిపేరు ఇంటిపేరుగా మారేటప్పుడు తరచుగా షష్ఠీ విభక్తి రూపం పొందుతుంది. ఊరు 'ఊరి' అవుతుంది, పాడు 'పాటి' అవుతుంది, వీడు 'వీటి' అవుతుంది. కొండవీడువారు కొండవీటివారు, నెల్లూరువారు నెల్లూరివారు. ఇంటిపేరు అనే మాటలోనే ఇల్లు 'ఇంటి'గా మారింది. కాబట్టి మీ ఇంటిపేరు చివర 'పాటి', 'వీటి', 'ఊరి' వంటివి వుంటే దాని వెనుక ఒక ఊరు వుండే అవకాశం ఎక్కువ.

తక్కినవాటిలో వృత్తులను, గ్రామోద్యోగాలను తెలిపేవి (కరణం, తలారి), చెట్లకు, జంతువులకు సంబంధించినవి (తుమ్మల, మామిడి, గుర్రం, పులి), పూర్వపురుషుల, ఆచార్యుల పేర్లతో ముడిపడినవి (పండితారాధ్యుల) వున్నాయి. ఒకే ఊరినుంచి వేర్వేరు కులాలవారు తరలివెళ్ళడం వల్ల ఒకే ఇంటిపేరు అనేక కులాల్లో కనిపిస్తుంది. అందువల్ల ఇంటిపేరును బట్టి మాత్రమే కులాన్ని నిర్ణయించలేము. ఒకే కులంలో ఒకే ఇంటిపేరుగలవారు సాధారణంగా అన్నదమ్ముల వరస. వారి మధ్య పెళ్ళి సంబంధాలు కలుపుకోరు.

ఆయా రాష్ట్రాల్లో వచ్చిన మార్పులు

తమిళనాడులో పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం చేర్చడం వాడుక. కోయంబత్తూరు పారిశ్రామికవేత్త జి.డి. నాయుడు (1893-1974) తెలుగు కుటుంబంలో పుట్టినవారు. ఆయన పేరులోని 'జి' తండ్రి గోపాలస్వామి పేరుకు గుర్తు, 'డి' ఆయన సొంత పేరు దొరైస్వామికి గుర్తు. ఇంటిపేరుకు అందులో చోటు లేదు. ఎస్. రాధాకృష్ణన్ అన్నప్పుడు 'ఎస్' మాత్రం ఇంటిపేరే. చూడడానికి రెండూ ఒకే తీరు పొడి అక్షరాలు, చెప్పే విషయాలు వేరు. రికార్డుల్లో లేకపోయినా ఇంటిపేరు తమిళనాడులోని తెలుగు కుటుంబాల్లో పెళ్ళిమాటల సమయంలో ఇప్పటికీ వినబడుతుంది.

కర్ణాటకలో చాలామంది పేరుకు ముందు స్వగ్రామం, తండ్రి పేరు వస్తాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టినది చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో. మోక్షగుండం గిద్దలూరు ప్రాంతపు గ్రామం. ఆ పద్ధతి మాత్రమే తెలిసినవారికి అది ఆయన స్వగ్రామంగా తోస్తుంది. నిజానికి అది పూర్వుల ఊరు. తాడిపత్రి రాఘవాచార్యులు నటుడుగా బళ్ళారి రాఘవ అయ్యారు. ఇక్కడ పాత ఊరి స్థానంలో కొత్త ఊరు చేరింది.

మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు అనే క్రమం. సోలాపురం నుంచి శాసనసభకు ఎన్నికైన నర్సయ్య నారాయణ్ ఆడం పేరు ఇందుకు ఉదాహరణ. తెలుగు క్రమంలో ఆయన ఆడం నర్సయ్య. ఇక్కడ ఇంటిపేరు నిలిచింది, స్థానం మారింది.

ఒడిశాలోనూ వంశనామం చివరనే వస్తుంది. 1894లో బరంపురంలో పుట్టిన వి.వి. గిరి పూర్తి పేరు వరాహగిరి వెంకటగిరి. ఇంటిపేరు వరాహగిరి; చివరి మాటను వంశనామంగా చదివే అలవాటున్నవారు 'గిరి'ని ఇంటిపేరు అనుకుంటారు.

చుట్టూ తెలుగునాడే వున్నందున యానాంలో ఇంటిపేరు ముందుండే క్రమం చెదరలేదు. ఫ్రెంచి పాలనలో 1881 నాటి శాసనం మేరకు ఫ్రెంచి పౌరచట్టాన్ని స్వీకరించినవారు వంశనామాన్ని నమోదు చేసుకోవలసి వచ్చేది.

లిపివల్ల వచ్చే చిక్కు

తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం అధికార వ్యవహారాల్లో పొడి అక్షరాలను కూడా తమిళంలోనే రాయాలని ఉత్తర్వు ఇచ్చింది. గుర్రంవారి పొడి అక్షరం తమిళంలో రాస్తే అది 'గు'నో 'కు'నో చూసి చెప్పలేము. మరాఠీ, ఒడియా రాతలో ఎ-ఏ, ఒ-ఓ ల భేదం లేదు గనుక 'కొండ' అనే ఇంటిపేరు 'కోండ'గా చదవబడవచ్చు. కన్నడ లిపిలో ఈ భేదాలన్నీ నిలుస్తాయి. రెండు మూడు తరాలు తెలుగు రాయకుండా గడిస్తే తప్పు ఉచ్చారణే ఇంటివారికీ అలవాటవుతుంది. అప్పుడు ఊరిపేరును పోల్చుకోవడం కష్టం.

విద్యార్థులు చేయదగిన పని

సర్టిఫికెట్లలోని పేరును మార్చుకోవాలని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అన్ని పత్రాల్లో పేరు ఒకే తీరుగా వుండడమే చదువుకూ ఉద్యోగానికీ అవసరం. అయితే పాస్‌పోర్టు దరఖాస్తులో వంశనామం గడి ఎదురైనప్పుడు ఒకే ఇంటివారిలో ఒకరు తండ్రి పేరూ, మరొకరు ఇంటిపేరూ రాస్తే తరువాతి తరానికి ఆ చుట్టరికం కాగితాల మీద కనబడదు. కాబట్టి ఇంట్లోని అవ్వా తాతల్ని, మేనమామల్ని అడిగి నాలుగు విషయాలు తెలుగు లిపిలో రాసిపెట్టుకోవాలి: పూర్తి ఇంటిపేరు, పూర్వుల ఊరిగా చెప్పుకొనే చోటు, అన్నదమ్ముల వరసగా భావించే ఇతర ఇంటిపేర్లు, అమ్మగారి పుట్టింటి పేరు. చివరిది మరీ ముఖ్యం. పెళ్ళితో స్త్రీల ఇంటిపేరు మారుతుంది గనుక రెండు తరాల తరువాత దాన్ని చెప్పగలిగేవారు ఇంట్లో వుండరు.