మీకు తెలుసా? గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ కరెంటు ఇస్తుంది, ఎక్కించుకోదు!

2021 ఫిబ్రవరి మంచు తుపానుకు అమెరికాలోని టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలకు కరెంటు పోయింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ ప్రాంతం కూడా వణికిపోయింది. అలాంటి రాత్రుల్లో ఇంటి బ్యాటరీ ప్రాణం నిలబెడుతుంది. కానీ దాని స్వభావం తెలిసుండాలి.

ఇళ్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలోనూ కరెంటు ఇస్తుంది. ఆ చలిలో ఛార్జింగ్ పెడితే మాత్రం లిథియం లోపలి గ్రాఫైట్ పొరల్లోకి దూరలేక, పైనే లోహంలా పేరుకుంటుంది. ఆ నష్టం ఇక పూడదు. అందుకే మంచి బ్యాటరీల్లో చలికి ఛార్జింగ్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటుంటుంది. కొన్నిటిలో లోపలే చిన్న హీటరూ ఉంటుంది. ఆరుబయట గోడకన్నా గరాజ్‌లో బిగించడమే నయం.

మన ఇన్వర్టర్లకు వాడే యాసిడ్ బ్యాటరీ కథ వేరు. ఖాళీ అయ్యేకొద్దీ యాసిడ్ పల్చబడి నీళ్లలా మారుతుంది. నిండుగా ఉంటే మైనస్ 50 డిగ్రీల్లోనూ గడ్డకట్టని ఆ ద్రవం, పూర్తిగా ఖాళీ అయితే మైనస్ 10 దగ్గరే గడ్డకడుతుంది, డబ్బా పగలొచ్చు.

ఇంకోటి, 13.5 యూనిట్ల బ్యాటరీని 1500 వాట్ల రూమ్ హీటర్ 9 గంటల్లో తాగేస్తుంది. అదే బ్యాటరీతో నాలుగు 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు వారానికి పైగా వెలుగుతాయి.