చేయెత్తే అలవాటు ఇక్కడే వదిలేయండి
భీమడోలులో పిల్లాడు మారాం చేస్తే వీపు మీద ఒకటేస్తాం. వీధిలో ఆడుకుంటుంటే పక్కింటి పిన్నిగారు ఓ కన్నేసి ఉంచుతారు. ఆన్‌సైట్ వెళ్తే ఈ రెండు లెక్కలూ మారిపోతాయి.

నార్వేలో పిల్లల్ని కొట్టడం 1987 నుంచే నిషేధం. టీచరుకు గట్టి అనుమానమొస్తే అధికారులకు చెప్పి తీరాలి. ఏడేళ్ల కొడుకును హింసించిన కేసులో 2012 డిసెంబరులో ఓస్లో కోర్టు మన ఆంధ్రా సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి 18 నెలలు, ఆయన భార్యకు 15 నెలలు జైలుశిక్ష వేసింది.

అందుకే వీసా రాగానే సూట్‌కేసుతో పాటు సమాచారమూ సర్దుకోండి. పిల్లల్ని ఏ వయసు వరకు ఒంటరిగా వదలకూడదో కనుక్కోండి. అమెరికాలో 911, నార్వేలో పోలీసులకు 112. ఆ నంబరు పిల్లలకూ నేర్పండి. 'మా ఊళ్లో ఇది మామూలేనండీ' అంటే అక్కడ చెల్లదు.