ఉద్దానంలో ఉండిపోగలమా?

సొంత తిండి, మంచి నీళ్ళు, కష్టమొస్తే తట్టుకునే బలం... ఈ మూడూ ఉంటే ఆ ఊరు ఎవరి మీదా ఆధారపడదంటారు. నిమ్మాడ నుంచి సోంపేట దాకా ఆ లెక్క వేసి చూద్దామా!

'ఈ ఉద్యోగాలూ వద్దు, అద్దెలూ వద్దు. ఊరెళ్ళిపోదాం. రెండెకరాలుంటే ఎవరినీ చెయ్యి చాచక్కర్లేదు...'

విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిన సిక్కోలు కుటుంబాల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట రాకుండా ఉండదు. 2020లో కరోనా లాక్‌డౌన్ పెట్టినప్పుడు మరీ ఎక్కువగా వినిపించింది. గుజరాత్ తీరానికి వేటకెళ్ళి చిక్కుకుపోయిన శ్రీకాకుళం మత్స్యకారులు బస్సుల్లో రోజుల తరబడి ప్రయాణించి సొంతూళ్ళకు చేరింది ఆ ఏడాదే. ఎక్కడికెళ్ళినా ఆపద వేళ గుర్తొచ్చేది సొంతూరే మరి!

అమెరికాలో కొన్ని కుటుంబాలు విపత్తులొస్తే తట్టుకుని బతకడానికి ఏ ప్రాంతం అనువైనదో ముందే లెక్కలు వేసుకుంటాయి. నేల ఎలాంటిది, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయి, తుపాన్లు వస్తాయా, ఆస్పత్రి ఎంత దూరం... అన్నీ చూసుకున్నాకే మకాం మారుస్తాయి. మనకూ అదే లెక్క పనికొస్తుంది.

బియ్యం ఇటు... కొబ్బరి అటు!

నరసన్నపేట దాటి హైవే మీద టెక్కలి వైపు వెళ్తుంటే నిమ్మాడ వస్తుంది. ఇది వరి సీమ. గొట్టా బ్యారేజీ దగ్గర మొదలయ్యే వంశధార ఎడమ కాలువ ఈ వైపు పొలాలకు ఆధారం. అయిదుగురున్న ఇంటికి ఏడాదికి ఏడు క్వింటాళ్ళ దాకా బియ్యం కావాలనుకుందాం. అంటే ధాన్యం పది పదకొండు క్వింటాళ్ళు. ఓ మోస్తరుగా పండినా ఒక్క ఎకరం చాలు, పైగా విత్తనాలకూ మిగులుతుంది.

అక్కణ్నుంచి టెక్కలి, పలాస దాటి సముద్రం వైపు తిరిగితే నేల రంగే మారిపోతుంది. ఎర్రటి ఇసుక నేలలు, ఎటు చూసినా తోటలు. అదే ఉద్దానం. ఉద్యానవనమన్న మాటే ఉద్దానమైందంటారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి... ఈ మండలాల్లో కొబ్బరి కింద అరటి, పక్కన పనస, గట్టున మునగ, మెరకలో జీడి. ఎకరాకి డెబ్భై కొబ్బరి చెట్లు పడతాయి. కాయతో కూరా నూనే, పీచుతో తాళ్ళు, మట్టలతో పొయ్యి, కమ్మలతో పందిరి. ఒక్క చెట్టుతో ఇల్లు గడిచిపోతుంది.

ఏ పల్లె అయినా బయట కొనక తప్పనిది ఉప్పు. ఇక్కడ అదీ ఉంది. నౌపడ ఉప్పు మళ్ళు ఎప్పట్నుంచో పేరున్నవే. చేపలకు భావనపాడు తీరం, ఖద్దరుకు అదే జిల్లాలోని పొందూరు. మందస, మెళియాపుట్టి కొండల నుంచి సవరలు తెచ్చే చింతపండు, చీపుళ్ళు సంతలో దొరుకుతాయి.

చూశారా! నిమ్మాడలో కొబ్బరి తోటల్లేవు, కవిటిలో వరి తక్కువ. స్వయంసమృద్ధి ఒక ఇంటిదో ఊరిదో కాదు, సీమంతటిదీ. ఒక్క రోజు బస్సు ప్రయాణంలో తిరిగి రాగలిగినంత మేరలో అన్నం, నూనె, ఉప్పు, చేప, బట్ట దొరికే చోట్లు ఎన్ని ఉంటాయి?

ఇంతవరకూ నూటికి నూరు. మరి కష్టం వచ్చినప్పుడు?

ఒక్క రాత్రిలో...

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగం, మధ్యమధ్య 165 దాకా ఈదురుగాలి. తెల్లారేసరికి తోటలు నేలమట్టం. తాతలు నాటిన పనసలు వేళ్ళతో సహా లేచిపోయాయి. అంతకుముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్... మూడూ అక్టోబరులోనే! వరి పంట ఇంకా చేలోనే ఉండే నెల అది.

వరి పోతే మళ్ళీ ఏడాదికి పండుతుంది. నాటు కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. అన్నీ ఇచ్చే చెట్టు పడిపోతే అన్నీ ఒకేసారి పోతాయి. ఒకే చెట్టును నమ్ముకోవడం ఎంత ప్రమాదమో తిత్లీ చెప్పిన పాఠం అది. అంతర పంటగా వేసే కంద, చిలగడదుంపల్లాంటివి నేలలో ఉంటాయి కాబట్టి వాటికి గాలి భయం తక్కువ. గాదెలో ఏడాది ధాన్యం నిల్వ ఉంచుకునే పాత అలవాటు కూడా ఊరికే పుట్టలేదు.

తియ్యటి నీళ్ళేనా?

అసలు పరీక్ష నీళ్ళ దగ్గరుంది. ఉద్దానంలో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తోంది. షుగరూ బీపీ లేని రైతులకూ కూలీలకూ వస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళలో ఏదో ఉందని కొందరు, పురుగు మందులని కొందరు, మండుటెండలో నీళ్ళు తాగకుండా చేసే పనీ నొప్పి మాత్రలూ అని ఇంకొందరు అనుమానిస్తున్నారు. శ్రీలంక వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా వంశధార నీళ్ళు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్నీ ఆరోజే ప్రారంభించారు. పెరట్లో బావి ఉన్న సీమకు ఎక్కడి నుంచో తాగునీళ్ళు తేవాల్సి వచ్చింది!

అలాగని దారి లేదా? ఉంది. ఇక్కడ ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పడే నీళ్ళలో అయిదో వంతు వృథా అయినా ఏడాదికి డెబ్భై వేల లీటర్లు పట్టుకోవచ్చు. అయిదుగురి తాగుడుకీ వంటకీ రోజుకి పాతిక లీటర్లు లెక్కేసినా ఏడాదికి తొమ్మిది వేల పైచిలుకే. మూతున్న తొట్టె, తొలకరి మురికి నీటిని బయటకు వదిలే గొట్టం, మరగబెట్టుకునే ఓపిక ఉంటే చాలు.

వెళ్ళాలా... వద్దా?

సోంపేట బీల నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామంటే రైతులూ మత్స్యకారులూ ఒక్కటయ్యారు. ఆ చిత్తడి నేలే తమ సాగునీరు, తమ చేపలు, పశువుల మేత అన్నారు. 2010 జులై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కేంద్రం మాత్రం రాలేదు. ఎవరి మీదా ఆధారపడని బతుకు ఒంటరిగా కంచె వేసుకుంటే రాదనీ, పదిమంది కలిసి కాపాడుకోవాలనీ ఆ ఊళ్ళకు బాగా తెలుసు.

కాబట్టి వెళ్ళాలనుకుంటే వెళ్ళండి. కాకపోతే భూమి బేరం కన్నా ముందు బావి నీళ్ళు పరీక్ష చేయించండి. ఏడాదికోసారి ఇంటిల్లిపాదీ రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి, ఈ జబ్బు మొదట్లో బయటపడదు. కొబ్బరొక్కటే కాకుండా నాలుగు రకాలు వేయండి. అక్టోబరు రాకముందే గాదె, తొట్టె నింపుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, తుపాను రాత్రి తలుపు తట్టగలిగే పొరుగిల్లు ఉందో లేదో చూసుకోండి.

అన్నీ కుదిరితే... ఉద్దానంలో ఉండిపోవచ్చు!