అద్దంలోని ముఖం, తెరమీది ముఖం

సౌందర్యానికి ప్రతి యుగమూ తనదైన కొలమానాన్ని కల్పించుకొన్నది. ప్రబంధకవులు నాయికను ఆపాదమస్తకం వర్ణించారు. సంపెంగపువ్వును నాసికతో ముడిపెట్టిన పద్యం వలననే నంది తిమ్మనకు ముక్కు తిమ్మన అనే పేరు వచ్చిందని ప్రతీతి. మహాభారతంలో ద్రౌపది నల్లని మేనిఛాయ గలది. అందుకే ఆమెకు కృష్ణ అని పేరు. అయినా ఆమె లోకోత్తర సౌందర్యవతియే. కావ్యనాయిక కవికల్పన అని పాఠకునికి తెలుసు. సెల్‌ఫోను తెర చూపేది మాత్రం చూచేవారి సొంత ముఖాన్నే. చిక్కంతా అక్కడే ఉన్నది.

సెల్ఫీలో ముక్కు వెడల్పుగా కనిపించడం చాలామందికి అనుభవమే. అది దేహలోపం కాదు, దూరం చేసే మాయ. కెమెరా ముఖానికి అడుగు దూరంలో ఉన్నప్పుడు, చెవులకంటె ముక్కు దానికి బాగా దగ్గరవుతుంది. దగ్గరి వస్తువు పెద్దదిగా తోచడం దృష్టిధర్మం. అయిదడుగుల దూరం నుండి తీసిన చిత్రంతో పోలిస్తే, అడుగు దూరపు చిత్రంలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా గోచరిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కకట్టి చూపారు. సెల్ఫీలను సాక్ష్యంగా తెచ్చి ముక్కుకు శస్త్రచికిత్స చేయమని కోరేవారు ఎదురైనందువల్లనే వారికి ఆ లెక్క అవసరమైనది. లేని దోషానికి కత్తిగాటు!

ఫిల్టర్లది మరొక మార్గం. అవి ముందుగా కన్నులు, ముక్కు, పెదవులు, గడ్డం ఉన్న చోట్ల బిందువులను గుర్తిస్తాయి. ఆ బిందువులను వలగా అల్లి, వలను ఒకచోట సాగదీసి మరొకచోట కుదిస్తాయి. కన్నులు విశాలమౌతాయి, ముక్కు సన్నబడుతుంది, మచ్చలు మాయమౌతాయి. 2017లో ఫేస్‌యాప్ అనే సాధనం ముఖాన్ని ఆకర్షణీయం చేస్తానని చెప్పి చర్మాన్ని తెల్లబరచింది. విమర్శలు రాగా, శిక్షణకు వాడిన చిత్రాలలోని పక్షపాతమే కారణమని ఆ సంస్థ క్షమాపణ చెప్పింది.

తెలుపు మీది మోజును యంత్రం పుట్టించలేదు. భారతదేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ 1975లోనే అంగడికెక్కింది. 2020లో ఆ పేరులోని ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. పేరు మారినంతనే చూపు మారుతుందా? లేపనం వారాల గడువు అడిగేది. ఫిల్టరుకు క్షణం చాలు.

నార్వేలో 2022 జులై నుండి, దేహాకృతినో చర్మాన్నో మార్చిన ప్రకటనచిత్రాలపై ఆ సంగతిని తెలిపే గుర్తు తప్పనిసరి. ఆ శాసనం వాణిజ్య ప్రకటనలకే పరిమితం. పండుగనాడు స్నేహితురాలు పంపిన చిత్రంపై ఏ గుర్తూ ఉండదు. అందులోని మేనిఛాయ ఎంతవరకు ఆమెదో, ఎంతవరకు యంత్రానిదో చూచేవారికి తెలియదు.