రాత్రిపూట నడవగలిగే ఊరు

డిసెంబరు సెలవులు దగ్గరపడుతున్నాయంటే మనవాళ్ళు ఏ ఇద్దరు కలిసినా ఒకటే మాట: "ఈసారి ఎక్కడికి?" ఒకరు టిక్కెట్ల ధర చూసి ఊరు ఎంచుకుంటారు. ఇంకొకరు పిల్లలు అడిగిన ఊరికి పోతారు. మేము పోయిన జూన్ సెలవులకు ఊరు ఎంచుకున్న పద్ధతి కొంచెం వేరు. విని కొందరు మిత్రులు నవ్వారు. మరికొందరు వివరంగా రాసి ఇవ్వమన్నారు. అంచేత ఈ నాలుగు మాటలు.

మేముండేది చోవా చూ కాంగ్‌లో, 11వ అంతస్తులో. ఒకప్పుడు ఇదంతా మిరియాల తోటలూ, గాంబియర్ తోటలూ. తోటల పెద్ద నదీతీరాన కట్టుకున్న ఇంటిని 'చూ కాంగ్' అనేవారట. అందులో చువా అనే చీనా వంశంవారిది గనుక ఊరికి ఈ పేరు వచ్చిందంటారు. 1990లో రైలు వచ్చింది. ఇప్పుడు చుట్టూ ఎటు చూసినా ఒకే పోలిక బ్లాకులు. ఈ పోలికే మా కథకు మొదలు.

ఏప్రిల్ నెలాఖరున నాన్నగారు మూడు నెలలు ఉందామని నాయుడుపేట నుంచి వచ్చారు. తపాలా శాఖలో పనిచేసి రిటైరయిన మనిషి. వయసు డెబ్బయి ఒకటి. తడ, సూళ్ళూరుపేట వైపు చాలాకాలం ఉద్యోగం చేయటం వల్ల తమిళం బాగా వచ్చు, ఇంగ్లీషు కాగితం మీద వచ్చు. రెండేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేశారు. దానికి తోడు, కాలికి రక్తం తీసుకుపోయే నాళం సన్నబడింది. మూడు వందల మీటర్లు నడిచేసరికి పిక్క పట్టేస్తుంది. రెండు మూడు నిమిషాలు కూర్చుంటే వదులుతుంది, మళ్ళీ నడవవచ్చు. ఈ జబ్బుకు మందులతోపాటు ముఖ్యమైన వైద్యం నడకే. నొప్పి గట్టిగా వచ్చేదాకా నడవటం, ఆగటం, మళ్ళీ నడవటం. రోజుకు అరగంట నుంచి ముప్పావుగంట, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలు విడవకుండా చేస్తే నడవగలిగే దూరం పెరుగుతుంది. ఈ సంగతి మేము రోజూ రోగులకు చెప్పేదే.

వచ్చిన రెండో వారంలో ఒకనాటి సాయంత్రం ఏడింటికి ఆయన ఒక్కరే కిందికి దిగారు. ఎనిమిదయింది, తొమ్మిదయింది, రాలేదు. ఫోను చూస్తే సోఫా మీదే ఉంది. మాలో ఒకరం పాప దగ్గర ఉండి, ఇంకొకరం బ్లాకు బ్లాకూ తిరిగాము. చివరికి పది గంటలకు, మా బ్లాకుకు నాలుగు బ్లాకుల అవతల వాయిడ్ డెక్‌లో కనిపించారు. పక్కన ఒక చీనా పెద్దాయన. ఇద్దరి ముందూ కాఫీ ప్లాస్టిక్ సంచుల్లో వేలాడుతోంది. పిక్క పట్టేస్తే కూర్చున్నారట. లేచి చూస్తే అన్ని బ్లాకులూ ఒకటేలా ఉన్నాయట. ఆయన నింపాదిగానే ఉన్నారు. గాభరా పడింది మేమే. ఆ గాభరాలో, ఆ పెద్దాయన ముందే, నాన్నగారిని కేకలేశాము. డాక్టర్ల గొంతు ఎలా ఉంటుందో మీకు తెలుసు గదా!

మర్నాటి నుంచి ఆయన కిందికి దిగలేదు. మేము పొద్దున్నే ఆసుపత్రికి పోయి చీకటిపడ్డాక వచ్చేవాళ్ళం. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవారు. మూడు వారాలు గడిచాక ఒక ఆదివారం లాట్ వన్ దాకా వెంటపెట్టుకుని తీసుకుపోతే, నూట యాభై మీటర్లకే ఆగిపోయారు. ఆ రాత్రి భోజనాల దగ్గర నెమ్మదిగా అన్నారు: "టిక్కెట్టు ముందుకు జరపండి నాయనా. ఈడ నాకు పనేముంది? ఆడయితే బస్టాండు దాకా అయినా పోయి వస్తా."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. వైద్యం తెలిసిన ఇంట్లోనే వైద్యం ఆగిపోయింది. "జూన్‌లో నాలుగు రోజులు ఎక్కడికయినా పోదాం నాన్నా, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాము. ఆయన ఊ అనలేదు, ఊహూ అనలేదు.

ఆ శనివారం మిత్రులు కొందరు మా ఇంట్లో భోజనానికి కలిశారు. నడవటానికి వీలయిన ఊరు, రాత్రిపూట సందడి ఉన్న ఊరు చెప్పండి అని అడిగాము. పగలు ఈ దేశాల ఎండలో డెబ్బయి ఏళ్ళ మనిషి నడవలేడు గనుక రాత్రి అన్నాము. 'నైట్ లైఫ్' అనే మాట వినగానే ఒక పెద్దావిడ కనుబొమలు ఎగరేశారు. మామయ్యగారిని తీసుకుని డాన్సు హాళ్ళకా అని!

ఆ మాటకు మా అర్థం వేరు. మేము తిరుపతిలో ఎస్.వి. మెడికల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో, రుయా ఆసుపత్రిలో నైట్ డ్యూటీ మధ్య టీ కోసం బయటికి వస్తే, అర్ధరాత్రి దాటినా ఊరు మేలుకునే ఉండేది. గుండ్లు చేయించుకున్నవాళ్ళు, నిద్రపోయిన పిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళు, అలిపిరి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, వేడివేడి ఇడ్లీలు, దీపాలు. ముసలివాళ్ళకు ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చునే అరుగు. తిరుపతికి నైట్ లైఫ్ ఉందని ఎవరూ అనగా వినలేదు. కానీ ఇంతకంటే ఇంకేం ఉంటుంది?

అంచేత అయిదు ప్రశ్నలు రాసుకున్నాము. ఒకటి, మూడు వందల మీటర్లకు ఒకచోట కూర్చోవటానికి ఉందా? రెండు, రోడ్డు దాటటానికి ముసలి కాళ్ళకు వ్యవధి చాలుతుందా? సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారని లెక్కవేసి చాలాచోట్ల సిగ్నళ్ళు పెడతారు. మా నాన్నగారిది అంత నడక కాదు. సింగపూరులో 2009 నుంచి పెద్దవాళ్ళు కార్డు ఆనిస్తే పచ్చదీపం మరి కొన్ని సెకన్లు నిలుస్తుంది. చక్కని ఏర్పాటే గాని చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ దగ్గర ఆ కార్డు ఉండదు. మూడు, రాత్రి తొమ్మిది తర్వాత కూడా వీధిలో వెలుతురూ, మనుషులూ ఉంటారా? నాలుగు, దారిలో తినటానికి కొంచెమూ, పోవటానికి మరుగుదొడ్డీ దొరుకుతాయా? రక్తపోటు మాత్రలు మింగేవాళ్ళు ఈ నాలుగోది చదివి నవ్వరు. అయిదు, అన్నిటికంటే ముఖ్యం: ఒక్కడే పోయి, ఒక్కడే బసకు తిరిగి రాగలడా?

ఒక మిత్రుడు హాంకాంగ్ అన్నాడు. 1993లో కట్టిన మెట్లయంత్రం కొండమీదికి ఎనిమిది వందల మీటర్లు మోసుకుపోతుంది, టెంపుల్ వీధిలో రాత్రి సంత ఉంది. నిజమే గాని యంత్రం వదిలితే అన్నీ మెట్లే. హనోయి అన్నారు ఇంకొకరు. అక్కడ 2016 నుంచి వారాంతాల్లో హోన్ కియెమ్ చెరువు చుట్టూ వాహనాలు ఆపేసి జనాన్ని నడవనిస్తున్నారు. చాలా బాగుంటుంది, కానీ ఆ చెరువు దాకా చేరాలంటే మోటారు సైకిళ్ళ ప్రవాహం ఈదాలి. తైపే రాత్రి సంతలు మూడో ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ నూటికి నూరు. అయిదో ప్రశ్న దగ్గర భాష అడ్డం వచ్చింది. కౌలాలంపూరులో బుకిట్ బింతాంగ్ నుంచి జంట గోపురాల దాకా నీడపట్టున వంతెన బాట ఉంది. ఆ బాట దిగితే ఒక పేటకూ ఇంకొక పేటకూ మధ్య పెద్దపెద్ద రోడ్లు. హైదరాబాదు అన్నారు ఒకరు. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపితే ఎంత జనం వచ్చారో చూశాము. కానీ మిగిలిన ఆరు రోజుల మాట?

చివరికి మిగిలింది పినాంగ్‌లోని జార్జ్ టౌన్. విమానంలో గంటన్నర దూరం. 1786లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ లైట్ వేసిన ఊరు. కార్లు పుట్టకముందు గీసిన వీధులు గనుక ఇరుకు, దగ్గర. 2008లో మలక్కాతోపాటు యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ పాత ఊరు మొత్తం కలిపినా 260 హెక్టార్లకు మించదు. దుకాణాల ముందు మన వసారాల్లాంటి 'అయిదడుగుల బాట'. ఎండా వానా తగలవు. లిటిల్ ఇండియా పక్కనే బస కుదుర్చుకున్నాము, తమిళం తెలిసిన మనిషి దారి అడగవచ్చునని.

మొదటి రాత్రి నిరాశే. అయిదడుగుల బాట పుస్తకాల్లో ఉన్నంత సుఖంగా లేదు. ఒక ఇంటి వసారాకూ పక్క ఇంటి వసారాకూ మధ్య అడుగు ఎత్తు తేడా. ఒకచోట మోటారు సైకిలు, ఒకచోట కూరగాయల గంపలు, ఇంకొకచోట గోడే అడ్డం. దిగి రోడ్డు మీద నడవాలి. పక్కన లోతయిన మురుగుకాలువ. నాన్నగారు రెండుసార్లు కూర్చున్నారు, ఏమీ మాట్లాడలేదు. మేము లోపల లోపల మా అయిదు ప్రశ్నలనూ తిట్టుకున్నాము.

రెండో రాత్రి ఆయనే ముందు నడిచారు. క్వీన్ వీధిలో 1833 నాటి మారియమ్మన్ గుడి, అక్కడినుంచి చీనావారి కరుణాదేవి గుడి, ఇటు కపితాన్ కెలింగ్ మసీదు. అన్నీ ఒకదానికొకటి పిలుపుదూరం. ఒక్కొక్కటీ ఆయనకు ఒక్కొక్క విశ్రాంతి. 1801లో ఆ మసీదు కట్టించింది దక్షిణాది ముస్లిముల పెద్ద. 'కెలింగ్' అనే మాట మన కళింగం నుంచే వచ్చింది. ఈ రోజుల్లో మలేషియాలో ఎవరినయినా ఆ మాటతో పిలిస్తే తప్పుగా ఎంచుతారు గాని మసీదు పేరులో నిలిచిపోయింది. "అంటే మనవాళ్ళు ఎప్పుడో వచ్చినారన్నమాట" అని నాన్నగారు మెట్టు మీద కూర్చుని చాలాసేపు చూశారు.

చూలియా వీధిలో చీకటిపడ్డాక బండ్లు వెలుగుతాయి. బల్లలు రోడ్డు అంచుకు వస్తాయి. కూర్చున్నవాణ్ణి ఎవరూ లేపరు. ఇంకొకచోట నాసి కండర్ అని బోర్డు చూసి అర్థం అడిగారు. 'కండర్' అంటే కావడి. పూర్వం అన్నమూ కూరలూ కావడిలో మోసుకొచ్చి అమ్మేవారు. ఆ కథ దుకాణంవాడితో తమిళంలో చెప్పించుకుని, ఉప్పూ నూనే తగ్గించి ఒక ముద్ద అన్నం పెట్టించుకున్నారు. మేము పక్కనుంచి ఏమీ అనలేదు. అది కష్టమే అయింది!

మూడో రాత్రి ఎనిమిదింటికి చొక్కా వేసుకుని, "నేను సముద్రం దాకా పోయి వస్తా. మీరు రావద్దు" అన్నారు. ఫోనూ, బస పేరు రాసిన కాగితమూ జేబులో పెట్టాము. కోట పక్కన సముద్రపు గట్టు ఉంది. రాత్రిపూట కుటుంబాలు వచ్చి గాలికి కూర్చుంటాయి. మేము పాపను నిద్రపుచ్చుతూ గడియారం చూస్తూ కూర్చున్నాము. తొమ్మిదయింది. తొమ్మిదిన్నర అయింది. వెంటపడి పోదామా అని ఒకరం లేచాము, ఇంకొకరం ఆపాము. పది కావస్తుండగా చేతిలో అరటిపళ్ళతో వచ్చారు. ఆరుసార్లు కూర్చున్నారట. ఎక్కడెక్కడ కూర్చున్నదీ వరుసగా చెప్పారు, ఉత్తరాల బట్వాడా దారి చెప్పినట్టు.

నాలుగో రాత్రి ఆయనే అన్నారు: "పాపను నేను చూసుకుంటా. మీరిద్దరూ పోయి రాండి. ఎప్పుడూ డ్యూటీ డ్యూటీ అంటా ఉంటారు." లవ్ లేన్‌లో పాటల హోటళ్ళున్నాయి. ఒకచోట కూర్చుని, చెరొక గ్లాసు తీసుకుని, గిటారు విని, నడిచే వచ్చాము. పెళ్ళయాక ఇద్దరం కలిసి రాత్రి పదకొండింటికి చేతులు పట్టుకుని వీధిలో నడవటం అదే మొదటిసారి అని తేలింది. నైట్ లైఫ్ అంటే కనుబొమలు ఎగరేసిన పెద్దావిడ ఇది చదివితే క్షమించాలి.

నాలుగు రోజుల్లో జబ్బు తగ్గిందని మేము చెప్పటం లేదు. రక్తనాళాలకు అంత తొందర ఉండదు. కానీ తిరిగి వచ్చిన మర్నాడే, మేము డ్యూటీ నుంచి వచ్చేసరికి నాన్నగారు ఇంట్లో లేరు. బల్లమీద కాగితం: "కిందికి పోయినాను. ఫోను ఉంది. బ్లాకు నంబరు జేబులో ఉంది." ఈసారి వెతకలేదు. తొమ్మిదింటికి మేమే దిగి కాఫీ షాపు దాకా నడిచాము. అదే చీనా పెద్దాయన. ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవదు. నాన్నగారు మాత్రం 'కోపీ ఓ కొసోంగ్' అని అడగటం నేర్చుకున్నారు. చక్కెర లేని కాఫీ! మేము పదేళ్ళుగా చెప్పి సాధించలేనిది.

అప్పుడు చూశాము మా చోవా చూ కాంగ్‌ను. స్టేషను నుంచి బ్లాకుల దాకా కప్పు వేసిన బాటలు, ప్రతి వాయిడ్ డెక్‌లో రాతిబల్లలు, పొద్దుపోయేదాకా వెలిగే కాఫీ షాపులు, శుభ్రమయిన మరుగుదొడ్లు. మా అయిదు ప్రశ్నల్లో నాలుగింటికి మా వీధే జవాబు. అయిదోదానికి అడ్డం బ్లాకుల పోలికే అనుకున్నాము. ఆ రాత్రి మేము వేసిన కేకలు అంతకంటే పెద్ద అడ్డమయ్యాయి.

నాన్నగారు టిక్కెట్టు జరపలేదు. జూలై నెలాఖరుకు, అనుకున్న తేదీకే వెళ్ళారు. వెళ్ళేనాటికి మొదటి విరామం మూడు వందల యాభై మీటర్లకు వచ్చింది. కొలిచింది మేమే గనుక డాక్టరు మాటగా నమ్మవచ్చు.

డిసెంబరుకు ఊరు ఎంచుకుంటున్న మిత్రులకు మా మనవి ఒకటే. హోటలు గదినుంచి ఏమేం కనబడతాయో తర్వాత చూడండి. మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవారెవరో ముందు చూడండి. వారు రాత్రి తొమ్మిదింటికి ఒక్కరే పోయి రాగల ఊరయితే మీకందరికీ సరిపోతుంది. అలాంటి ఊళ్ళు మీకు తెలిస్తే పత్రికకు రాయండి. నాన్నగారు మళ్ళీ ఏప్రిల్‌లో వస్తామన్నారు.