ఆయిల్ ఉంది, మరి ప్రెషర్ ఏది?

శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవిని దర్శించుకుని తెన్‌కాశి వైపు సాగే కార్లకు దారిలో మొదట తగిలే పెద్ద ఊరు రాజపాళయం. తమిళనాడులో ఉన్నా, ఇంట్లో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ ఉన్నాయి. తిరుమంగళాన్ని కొల్లంతో కలిపే 744వ జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. జూన్ వచ్చిందంటే కుర్తాళం జలపాతాలకు, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా శబరిమలకు ఈ దారి నిండా బండ్లే. సెంగోట్టై దాటగానే ఘాట్ ఎక్కాలి.

ఇలాంటి ప్రయాణంలో నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే చాలామంది అనే మాట ఒకటుంది: "ఊరు చేరాక చూద్దాంలే." ఆ ఒక్క మాటతో చెడిపోయిన ఇంజన్లు ఎన్నో. ఆ దీపం చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. మట్టం తగ్గితే హెచ్చరించే దీపం కొన్ని కార్లలో వేరుగా, పసుపు రంగులో ఉంటుంది.

రాజపాళయం నూలు మిల్లుల ఊరు. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా స్థాపించిన రాజపాళయం మిల్స్ కాలం నుంచీ కదుళ్ల హోరు ఇక్కడివాళ్లకు అలవాటే. వేగంగా తిరిగే ఇరుసుకు నూనె అందకపోతే ఏమవుతుందో మిల్లులో పనిచేసినవారికి ఒకరు చెప్పనక్కర్లేదు. కారు ఇంజన్‌లో ఆ ఇరుసు క్రాంక్ షాఫ్ట్. నిమిషానికి మూడు వేల చుట్లంటే సెకనుకు యాభై. ఆ వేగంలో షాఫ్టును బేరింగు లోహానికి తగలనీయకుండా కాపాడేది మైక్రాన్లలో కొలిచే పలచని ఆయిల్ పొర.

ఆ పొర బలం ఎంతో మొదట బయటపడింది 1883లో, ఇంగ్లండ్‌లో. బీచమ్ టవర్ అనే ఇంజనీరు బేరింగు మీద పరీక్షలు చేస్తూ, నూనె పోయడానికి దాని పైభాగంలో రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరగగానే నూనె ఆ రంధ్రంలోంచి పైకి ఎగదన్నింది. బిరడా పెడితే బిరడా, చెక్క మేకు కొడితే మేకు బయటికి వచ్చేశాయి. గేజ్ బిగిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్ల (పి.ఎస్.ఐ.) చివరి గుర్తునూ దాటిపోయింది. తిరిగే ఇరుసే నూనెను తనకూ బేరింగుకూ మధ్యకి లాక్కుని ఆ ఒత్తిడిని పుట్టిస్తుందని 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గణితంతో నిరూపించాడు. అంటే షాఫ్టును పైకెత్తి నిలిపేది ఆయిల్ పంపు కాదు. పంపు చేసే పని బేరింగుకు నూనె తెగకుండా అందించడం. ఆ సరఫరా ఆగితే పొర చిరిగి లోహం లోహాన్ని రాస్తుంది, బేరింగు కరుగుతుంది, చివరికి ఇంజన్ పట్టేస్తుంది.

చాలా కార్లలో ఆ ఎర్ర దీపాన్ని వెలిగించేది చిన్న స్విచ్చి. ఒత్తిడి సుమారు 5–7 పి.ఎస్.ఐ. కన్నా తగ్గితేనే అది పనిచేస్తుంది. హైవే వేగంలో 40కి పైగా ఉండాల్సిన ఒత్తిడి అంత అడుగుకు పడిపోయాకగానీ దీపం నోరు విప్పదు. అందుకే ఆలస్యం చేయకూడదంటున్నాను. ముందు బండిని పక్కకు తీయండి, ఆ తర్వాతే ఇంజన్ ఆపండి. ఘాట్ వాలులో నడుస్తుండగానే ఆపితే బ్రేకూ స్టీరింగూ బరువెక్కుతాయి.

సమతలంగా ఉన్నచోట పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. వాలులో చూస్తే లెక్క తప్పుతుంది. మట్టం కింది గుర్తుకన్నా తగ్గితే కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్ పోయాలి. స్టార్ట్ చేశాక దీపం వెంటనే ఆరకపోతే మళ్లీ ఆపేయాలి. ఆరినా కథ అయిపోలేదు, ఆ ఆయిల్ ఎటు పోయిందో తేలాలి: డ్రెయిన్ బోల్టు దగ్గర చెమ్మ, ఫిల్టరు రబ్బరు, వెనక నీలి పొగ. ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే కూలెంట్ నీళ్లు కలిశాయి, స్టార్ట్ చేయనేకూడదు.

మట్టం సరిగ్గానే ఉండి దీపం వెలుగుతుంటే బండి టోయింగ్ మీదే వెళ్లాలి. షెడ్డులో మొదట అడగాల్సింది ఒకటే: స్విచ్చి విప్పి ఆ చోట ముల్లు గేజ్ బిగించి ప్రెషర్ చూడమని. గేజ్ పెట్టకుండానే పంపు మార్చాలనేవారి మాట వినకండి. వెయ్యి చుట్లకు 10 పి.ఎస్.ఐ. అన్నది పాత మెకానిక్‌ల లెక్క. అసలు అంకె ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్‌లో ఒత్తిడి సరిగ్గా ఉంటే తప్పు స్విచ్చిదో వైరుదో, తక్కువ ఖర్చుతో పోతుంది.

నిజంగానే తక్కువుంటే ఆయిల్ చాంబర్ విప్పాలి. అడుగునున్న జాలీకి గడ్డకట్టిన మడ్డి పట్టిందా, స్పీడ్ బ్రేకరో రాయో తగిలి చాంబర్ సొట్టపడి జాలీ మూసుకుపోయిందా చూడాలి. మన రోడ్ల మీద ఈ రెండోది ఎవరికైనా జరగొచ్చు. తర్వాతే పంపు, దాని రిలీఫ్ వాల్వు. ఇంజన్ వేడెక్కి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడే దీపం మినుకుమంటే, ఆయిల్ పలచబడిందనో బేరింగులు అరిగాయనో అనుమానించాలి. మామిడితోటలో మోటారు అదే అయినా పైపుకు చిల్లులు పెరిగితే చివరి చెట్టుకు నీళ్లు అందవు కదా, అరిగిన బేరింగుల దగ్గరా అంతే. అక్కడ చిక్కటి ఆయిల్ పోసి దీపాన్ని ఆర్పడం వైద్యం కాదు, అరుగుదల అలాగే ఉంటుంది.

పాత కారు కొనేవాళ్లు ఒకటి గమనించాలి. తాళం తిప్పగానే, స్టార్ట్ చేయకముందు, ఈ ఎర్ర దీపం వెలగాలి. స్టార్టయ్యాక క్షణాల్లో ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు మాడిందో, వైరు ఊడిందో, కావాలనే ఎవరైనా తీసేశారో తేల్చుకున్నాకే బేరానికి దిగండి.